షార్క్ కాదు, సన్‌ఫిష్: ఉత్తర తీరాల్లో కనబడే వెచ్చని నీటి చేప సంగతులు

మిషిగన్‌లో పెరిగే మన పిల్లల్ని సన్‌ఫిష్ అంటే ఏమిటని అడిగితే అరచేయంత చేపను చూపిస్తారు. బ్లూగిల్, పంప్‌కిన్‌సీడ్ లాంటివి. చెరువు ఒడ్డున వానపాము గుచ్చి గాలం వేస్తే మొదట పడేవి అవే. నేను ఇక్కడ రాస్తున్నది వాటి గురించి కాదు. సముద్రంలో తిరిగే ఓషన్ సన్‌ఫిష్ గురించి. పేరు కలిసింది గానీ ఈ రెండింటికీ దగ్గరి చుట్టరికం లేదు. సముద్రపు సన్‌ఫిష్ బాగా పెరిగితే మనిషి కంటే ఎత్తుగా ఉంటుంది, తోక ఉండదు, చూడటానికి ఎవరో సగానికి కోసి వదిలేసిన చేప తలకాయలా ఉంటుంది.

ట్రాయ్‌కి సముద్రం దూరం. బోస్టన్ వెళ్ళాలన్నా కారులో ఒక రోజంతా పోతుంది. అయినా వేసవి సెలవులు వచ్చాయంటే మనవాళ్ళు మెయిన్‌లో అకేడియా అనో, కేప్ కాడ్ అనో, ఒరెగాన్ తీరమనో, అలాస్కా క్రూజ్ అనో బయలుదేరతారు. తిరిగొచ్చాక వాట్సాప్ గ్రూపుల్లో వీడియోలు వస్తాయి. వాటిలో అప్పుడప్పుడు నీటిపైన ఊగుతున్న ఒక పెద్ద రెక్క కనబడుతుంది. కింద రెండు రకాల వ్యాఖ్యలు ఉంటాయి. ఒకటి, "అమ్మో, షార్క్!" రెండోది, "సముద్రాలు వేడెక్కిపోయాయి, ఇదే రుజువు." ఈ రెండూ తొందరపాటు మాటలే. డిగ్రీలో జువాలజీ చదువుకున్న దాన్ని కాబట్టి ఈ చేప గురించి తెలిసినంత ఒకచోట రాసి పెడితే, రేపు మీకెవరికైనా ఇది కనబడినప్పుడు పనికొస్తుందనిపించింది.

ఏమిటీ చేప?

శాస్త్రీయ నామం మోలా మోలా. లాటిన్‌లో మోలా అంటే తిరగలి రాయి. గుండ్రంగా, బూడిద రంగులో, గరుకుగా ఉంటుంది కాబట్టి ఆ పేరు. 1758లో లిన్నేయస్ దీన్ని వర్గీకరించినప్పుడు పఫర్ చేపలతో కలిపాడు. ఇప్పటికీ ఇది అదే క్రమానికి చెందుతుంది. పఫర్ చేపల్లాగే దీని పళ్ళన్నీ కలిసిపోయి చిలుక ముక్కులా ఉంటాయి. నోరు పూర్తిగా మూసుకోదు.

తోక ఉండాల్సిన చోట మడతలు మడతలుగా ఒక అంచు ఉంటుంది. దాన్ని క్లేవస్ అంటారు. ఈదడానికి వీపు మీద ఉన్న పొడవాటి రెక్కనీ, పొట్ట కింద ఉన్న రెక్కనీ కలిపి అటూ ఇటూ ఊపుతుంది. దీన్ని బట్టి అలలు ఎటు తోస్తే అటు కొట్టుకుపోయే చేప అని చాలాకాలం అనుకున్నారు. దక్షిణ కాలిఫోర్నియా దగ్గర కొన్నిటికి ట్యాగులు వేసి చూస్తే రోజుకు సుమారు 27 కిలోమీటర్లు తిరుగుతున్నట్టు తేలింది. అంటే తనకు కావలసిన చోటుకు తానే వెళ్ళగలదు.

మోలా ప్రజాతిలో ప్రస్తుతం మూడు జాతుల్ని గుర్తిస్తున్నారు: మోలా మోలా, మోలా అలెగ్జాండ్రిని, మోలా టెక్టా. ఎముకలున్న చేపల్లో అత్యంత బరువైన చేప రికార్డు వీటిలో రెండోదానిది. 2021 డిసెంబరులో పోర్చుగల్‌కు చెందిన అజోర్స్ దీవుల దగ్గర చనిపోయి తేలిన ఒక చేపను తూచారు. బరువు 2,744 కిలోలు. మన ఇళ్ళ ముందు నిలబడే మామూలు ఎస్‌యూవీ కంటే ఎక్కువ. వేల్ షార్క్ ఇంతకంటే చాలా పెద్దది కదా అని పిల్లలు అడుగుతారు. నిజమే, కానీ షార్కులకు ఉండేది మృదులాస్థి, ఎముక కాదు. అందుకే ఆ లెక్క వేరు.

పెరగడంలో కూడా దీనిది వింతే. పిల్ల గుడ్డులోంచి వచ్చినప్పుడు రెండు మూడు మిల్లీమీటర్లకు మించదు. కాలిఫోర్నియాలోని మాంటెరే బే అక్వేరియంలో ఒక సన్‌ఫిష్ 15 నెలల్లో 26 కిలోల నుంచి 399 కిలోలకు పెరిగింది. గుడ్ల సంగతికొస్తే, ఒక ఆడ చేపలో 30 కోట్ల గుడ్లు ఉండవచ్చని 1921లో యోహానెస్ ష్మిట్ అనే డేనిష్ శాస్త్రవేత్త అంచనా వేశాడు. పుస్తకాల్లో ఇప్పటికీ కనబడే అంకె అదే.

జపాన్‌లోని షిమొనోసెకి అక్వేరియం కథ మీలో కొందరికి గుర్తుండే ఉంటుంది. మరమ్మతుల కోసం 2024 డిసెంబరులో మూసేశాక అక్కడి సన్‌ఫిష్ తిండి మానేసింది. జనం కనబడకపోవడమే కారణమేమోనని సిబ్బంది అద్దానికి మనుషుల బొమ్మలు అతికించి, యూనిఫాంలు వేలాడదీస్తే మళ్ళీ తినడం మొదలుపెట్టింది. 2025 జనవరిలో ఆ ఫొటోలు ప్రపంచమంతా తిరిగాయి.

వెచ్చని నీటి చేపకు చల్లని నీటితో పనేమిటి?

సన్‌ఫిష్ ఉష్ణ, సమశీతోష్ణ సముద్రాలన్నిటిలో ఉంటుంది. సాధారణంగా 10 డిగ్రీల సెల్సియస్, అంటే 50 డిగ్రీల ఫారెన్‌హీట్ కంటే వెచ్చని నీటిని ఇష్టపడుతుంది. చల్లని నీటిలో అసలు ఉండలేదని కాదు, ఎక్కువసేపు ఉండలేదు.

దాని పేరు వెనుక ఉన్న కథ కూడా ఇదే. ఈ చేప నీటిపైన ఒక పక్కకు ఒరిగి, ఎండకు ఆరేసిన అప్పడంలా పడి ఉంటుంది. చచ్చిపోయిందేమో అనిపిస్తుంది. జపాన్ పరిశోధకులు కొన్నిటికి చిన్న కెమెరాలు, ఉష్ణోగ్రత కొలిచే పరికరాలు తగిలించి చూసి 2015లో ఫలితాలు ప్రచురించారు. చేప 100 నుంచి 200 మీటర్ల లోతుకు దిగి, అక్కడి చల్లని నీటిలో జెల్లీఫిష్ లాంటి జీవులను తిని, ఒళ్ళు చల్లబడగానే పైకి వచ్చి కాచుకుంటోంది. మళ్ళీ వెచ్చబడగానే కిందకి. మనం చలికాలంలో పార్కింగ్ నుంచి షాపులోకి పరుగెత్తి చేతులు రుద్దుకుంటామే, అలాంటిదన్నమాట. పైన పడి ఉన్నప్పుడు సముద్రపు కాకులు వచ్చి దాని చర్మం మీది పరాన్నజీవులను పొడుచుకు తింటాయి. చేపకు అదో లాభం.

ఉత్తరానికి ఎందుకు వస్తుందంటే తిండి కోసం. వేసవిలో ఉత్తర సముద్రాల్లో జెల్లీఫిష్ విపరీతంగా పెరుగుతాయి. సన్‌ఫిష్ వాటితోపాటు చిన్న చేపలు, స్క్విడ్లు కూడా తింటుంది. నీరు వెచ్చబడ్డాక వచ్చి, చల్లబడేలోపు వెళ్ళిపోతుంది. న్యూ ఇంగ్లండ్ దగ్గర ట్యాగులు వేసిన చేపలు శరదృతువులో దక్షిణానికి వెళ్ళిపోయినట్టు పరిశోధకులు చూశారు.

గోదావరి జిల్లాల వాళ్ళకు ఈ సంగతి వివరించి చెప్పక్కర్లేదు. వర్షాకాలంలో ఎర్రనీరు రాగానే సముద్రంలోని విలస వరదకు ఎదురీది గోదావరిలోకి వచ్చి పులస అవుతుంది. శ్రావణంలో గోదావరిలో పులస పడితే ఎవరూ ఆశ్చర్యపోరు, ధర అడుగుతారు. అదే చేప ఎండాకాలంలో పడితే అప్పుడు కబురు. చేప ఒకటే. ఏ చోట, ఏ నెలలో అన్నదాన్ని బట్టి అది మామూలా, అరుదా అన్నది తేలుతుంది. సన్‌ఫిష్ విషయంలోనూ అదే లెక్క.

ఎక్కడ మామూలు, ఎక్కడ అరుదు?

మెయిన్, న్యూ హాంప్‌షైర్, మసాచుసెట్స్ తీరాల్లో వేసవి నుంచి శరదృతువు వరకు సన్‌ఫిష్ కనబడటం వింత కాదు. నోవా స్కోషియా, న్యూఫౌండ్‌లాండ్ వైపు కూడా వేసవిలో వస్తుంది. గత ఆగస్టులో మేము ప్రావిన్స్‌టౌన్ నుంచి వేల్ వాచ్‌కి వెళ్ళినప్పుడు పడవ ఆపి మరీ ఒకటి చూపించారు. తిమింగలాల కంటే దాన్నే ఎక్కువసేపు చూశాడు మా అబ్బాయి. మాతో వచ్చిన అత్తయ్యగారు కాకినాడ మనిషి. ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న, "పులుసుకి పనికొస్తుందా?" జపాన్, తైవాన్‌లలో తింటారని, యూరోపియన్ యూనియన్‌లో మాత్రం ఈ కుటుంబపు చేపల అమ్మకం నిషేధమని చెప్పాను. "అయితే వద్దులే, చూసి వదిలేద్దాం" అన్నారు.

కేప్ కాడ్ దగ్గర ఒక చిక్కు ఉంది. మ్యాప్‌లో చూస్తే ఆ నేల మోచేయి మడిచిన చేతిలా ఉంటుంది. ఆ మడత లోపల ఉన్నది కేప్ కాడ్ బే. శరదృతువులో నీరు చల్లబడగానే దక్షిణానికి వెళ్ళాలనుకున్న చేపలు ఆ మడతలో ఇరుక్కుంటాయి. బయటకు రావాలంటే ముందు ఉత్తరానికి వెళ్ళాలి, అది వాటికి తెలియదు. చలికి నీరసించి, ఆటు వచ్చినప్పుడు ఒడ్డున పడిపోతాయి. ప్రతి ఏడూ చలికాలం ముందు అక్కడ సముద్ర తాబేళ్ళు చలికి కొయ్యబారి ఒడ్డుకు కొట్టుకొచ్చేది కూడా ఇందుకే. న్యూ ఇంగ్లండ్ కోస్టల్ వైల్డ్‌లైఫ్ అలయన్స్ అనే స్వచ్ఛంద సంస్థ అక్కడ సన్‌ఫిష్‌లను చూసుకుంటుంది. బతికున్నవాటిని లోతు నీటికి చేర్చే ప్రయత్నం చేస్తారు, చనిపోయినవాటిని కొలిచి, పరీక్షించి వివరాలు నమోదు చేస్తారు.

అలాగని నీటిలో ఉన్న ప్రతి సన్‌ఫిష్ ఆపదలో ఉన్నట్టు కాదు. 2020 అక్టోబరులో మసాచుసెట్స్‌లోని వేర్‌హమ్ ఊళ్ళో ఒక సన్‌ఫిష్ ఒడ్డుకు దగ్గరగా తిరుగుతుంటే జనం షార్క్ అని కొందరు, గాయపడిందని కొందరు పోలీసులకు వరసగా ఫోన్లు చేశారు. చివరికి ఊరి సహజ వనరుల విభాగం, ఆ చేప క్షేమంగానే ఉంది, చేపలు చేసే పనే అది చేస్తోంది, దయచేసి ఇక ఫోన్ చేయకండి అని ప్రకటన ఇచ్చుకోవలసి వచ్చింది.

బ్రిటన్, ఐర్లండ్‌లలో ఉన్న మనవాళ్ళకు కూడా ఒక మాట. అక్కడ దీన్ని చాలా అరుదైన అతిథిగా భావించేవారు. 2000ల మొదట్లో ఐరిష్, కెల్టిక్ సముద్రాల మీద విమానంలోంచి జెల్లీఫిష్, తాబేళ్ళ లెక్క తీస్తుంటే అనుకున్నదాని కంటే ఎక్కువ సన్‌ఫిష్‌లు కనబడ్డాయి. 2006లో ఆ వివరాలు ప్రచురించారు. అంటే కొన్నిసార్లు చేప అరుదు కాదు, చూసేవాళ్ళే అరుదు.

ఇక పసిఫిక్ వైపు. కాలిఫోర్నియాలో మామూలు. ఉత్తరానికి వెళ్ళేకొద్దీ తగ్గుతుంది. అలాస్కాలో అరుదు. అలాంటిది 2015లో ఆగ్నేయ అలాస్కా దగ్గర పరిశోధన నౌక వలల్లో సన్‌ఫిష్‌లు పడ్డాయి. చుట్టుపక్కల పడవల వాళ్ళూ చూశామన్నారు. అది ఎందుకు జరిగిందో తర్వాతి భాగంలో చెబుతాను, ఎందుకంటే అసలు ప్రశ్న అక్కడే ఉంది.

చేప కనబడితే సముద్రం వేడెక్కినట్టేనా?

2013 చివర్లో ఉత్తర పసిఫిక్‌లో ఒక పెద్ద వెచ్చని నీటి ప్రాంతం ఏర్పడింది. 2014 ఫిబ్రవరికి అక్కడ ఉష్ణోగ్రత మామూలు కంటే సుమారు 2.5 డిగ్రీల సెల్సియస్ ఎక్కువగా ఉంది. వాషింగ్టన్ రాష్ట్ర వాతావరణ శాస్త్రవేత్త నిక్ బాండ్ దానికి 'బ్లాబ్' అని పేరు పెట్టాడు. అది 2016 వరకు కొనసాగింది. అలాస్కాకు సన్‌ఫిష్‌లు వచ్చింది ఆ రోజుల్లోనే.

సన్‌ఫిష్‌కు అది షికారు. అక్కడే పుట్టి పెరిగిన ప్రాణులకు మాత్రం కరువు. గల్ఫ్ ఆఫ్ అలాస్కాలో పసిఫిక్ కాడ్ చేపలు ఎంత పడిపోయాయంటే, 2020లో ఫెడరల్ జలాల్లో ఆ చేపల వేటను మూసేయవలసి వచ్చింది. కామన్ మర్ అనే సముద్రపు పక్షులు తిండి లేక చనిపోయాయి. 2024 డిసెంబరులో సైన్స్ పత్రికలో వచ్చిన పరిశోధన ప్రకారం అలాస్కాలో చనిపోయినవి సుమారు 40 లక్షలు, అంటే అక్కడి మర్ పక్షుల్లో దాదాపు సగం. కొత్త చేప ఫొటో చూసి మనం ముచ్చటపడే సమయంలో, ఫొటోలో కనబడని చోట ఇది జరుగుతూ ఉండవచ్చు.

అట్లాంటిక్ వైపు చూస్తే, గల్ఫ్ ఆఫ్ మెయిన్ 2004 నుంచి 2013 మధ్య ప్రపంచ సముద్రాల్లో 99 శాతం కంటే వేగంగా వేడెక్కిందని 2015లో ప్రచురించిన పరిశోధన చెప్పింది. గల్ఫ్ స్ట్రీమ్ అనే వెచ్చని ప్రవాహం నుంచి సుడులు విడిపోయి న్యూ ఇంగ్లండ్ వైపు వస్తుంటాయి. వాటితోపాటు ఫ్లోరిడా, కరీబియన్ చేపల పిల్లలు రోడ్ ఐలండ్ దాకా కొట్టుకొస్తాయి. అక్కడివాళ్ళు వాటిని గల్ఫ్ స్ట్రీమ్ అనాథలు అంటారు. చలికాలం రాగానే అవి బతకలేవు.

ఇవన్నీ నిజాలే. అయినా మెయిన్‌లో ఆగస్టులో మీకు కనబడిన ఒక్క సన్‌ఫిష్ వీటికి రుజువు కాదు. అది శ్రావణంలో పులస లాంటిది. వేడెక్కిందన్న సంగతి థర్మామీటర్లు, ఉపగ్రహాలు, ఏళ్ళ తరబడి రాసిన లెక్కలు చెబుతాయి. ఒక్క చేప ఒక్క అంకె. వందల అంకెలు, తేదీలతో, చోట్లతో కలిస్తే అప్పుడు అర్థం వస్తుంది: ముందు కంటే తొందరగా వస్తున్నాయా, ఆలస్యంగా వెళ్తున్నాయా, ఇంకా పైకి పోతున్నాయా అని. కాబట్టి మనం చేయగలిగిన మంచి పని, ఆ ఒక్క అంకెను సరిగ్గా రాసిపెట్టడం.

ఒక బీచ్ ఫొటో చేసిన పని

దీనికి నాకు తెలిసిన మంచి ఉదాహరణ మోలా టెక్టా. 2017లో మారియన్ నైగార్డ్ అనే పరిశోధకురాలు, ఆమె సహచరులు దీన్ని కొత్త జాతిగా వర్ణించారు. టెక్టా అంటే దాగి ఉన్నది అని అర్థం. వందేళ్ళకు పైగా అందరూ చూస్తూనే ఉన్నా, మోలా మోలా అనుకుని వదిలేశారు. ఇంగ్లీషులో హూడ్‌వింకర్ సన్‌ఫిష్ అంటారు. న్యూజిలాండ్, ఆస్ట్రేలియా, దక్షిణాఫ్రికా, చిలీ వైపు చల్లని నీటిలో తిరిగే చేప ఇది.

2019 ఫిబ్రవరిలో కాలిఫోర్నియాలోని శాంటా బార్బరా దగ్గర ఏడడుగుల సన్‌ఫిష్ ఒకటి ఒడ్డుకు కొట్టుకొచ్చింది. చూసినవాళ్ళు ఫొటోలు తీసి ఐనాచురలిస్ట్‌లో పెట్టారు. అవి ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ నిపుణుల కంటపడ్డాయి. ఇంకా దగ్గరగా ఫొటోలు కావాలని, కణజాలం నమూనా కావాలని అడిగితే ఒడ్డున ఉన్నవాళ్ళు వెళ్ళి తెచ్చారు. తేలిందేమిటంటే అది మోలా టెక్టా. అంతకు ముందు ఉత్తరార్ధగోళంలో ఆ జాతికి ఉన్న రికార్డు ఒక్కటే, 1889లో నెదర్లాండ్స్‌లో. ఆ తర్వాత 2024 జూన్‌లో ఒరెగాన్‌లోని గియర్‌హార్ట్ బీచ్‌లో 7.3 అడుగుల చేప కొట్టుకొచ్చింది. సీసైడ్ అక్వేరియం పెట్టిన ఫొటోలు చూసి నైగార్డ్ తానే సంప్రదించి, అది కూడా టెక్టాయే అని నిర్ధారించారు.

ఇందులో రెండు విషయాలు గమనించండి. మొదటిది, అది చల్లని నీటి చేప. కాబట్టి కొత్త చోట కొత్త చేప కనబడిన ప్రతిసారీ కారణం వేడే అనుకుంటే పొరపాటు. రెండోది, ఆ సంగతి బయటపడటానికి కావలసింది పెద్ద నౌకలు కావు. ఒక ఫోన్ కెమెరా, కాస్త ఓపిక. అది మన దగ్గరా ఉంది.

షార్క్‌ని, సన్‌ఫిష్‌ని ఎలా గుర్తుపట్టాలి?

నీటిపైన రెక్క కనబడినప్పుడు దాని కదలిక చూడండి.

షార్క్ రెక్క కదలకుండా నిటారుగా, కత్తితో కోసినట్టు తిన్నగా వెళ్తుంది. తరచు దాని వెనకాల తోక కొస కూడా నీటిపైన కనబడుతుంది.

సన్‌ఫిష్ రెక్క ఒక్కటే ఉంటుంది. అటూ ఇటూ వాలుతూ, ఎవరో బద్ధకంగా చేయి ఊపుతున్నట్టు ఉంటుంది. వెనకాల తోక ఉండదు. ఒక్కోసారి మాయమై, చేప పక్కకు ఒరిగి తెల్లటి పళ్ళెంలా తేలుతుంది.

డాల్ఫిన్, తిమింగలాల రెక్క పైకి వచ్చి, వంపు తిరిగి, లోపలికి పోతుంది. శ్వాస వదిలిన చప్పుడు కూడా వినబడుతుంది.

సన్‌ఫిష్ మనుషుల జోలికి రాదు. అయితే ఇంత బరువున్నా అప్పుడప్పుడు నీటిలోంచి ఎగిరి పడుతుంది. చిన్న పడవలో, కయాక్‌లో ఉంటే దూరంగా ఉండటం మంచిది. గుర్తుపట్టలేకపోతే మాత్రం షార్క్ అనే అనుకుని నీటిలోంచి బయటకు రండి. గుర్తింపు ఒడ్డున నిలబడి చేసుకోవచ్చు.

కనబడితే ఏం చేయాలి?

1. ముందు తేదీ, సమయం రాసుకోండి. ఫోన్‌లో లొకేషన్ ఆన్ చేసి ఫొటో తీస్తే ఈ రెండూ చోటుతో సహా వాటంతటవే నమోదవుతాయి. వాట్సాప్‌లో పంపిన ఫొటోలో ఈ వివరాలు పోతాయి, కాబట్టి అసలు ఫొటో చెరపకండి.

2. ఒడ్డున పడి ఉంటే పక్క నుంచి మొత్తం చేప వచ్చేలా ఒక ఫొటో, తల దగ్గరగా ఒకటి, వెనక అంచు దగ్గరగా ఒకటి తీయండి. జాతిని చెప్పేది ఆ వెనక అంచే. మోలా మోలాకు అక్కడ అలల్లా వంపులు ఉంటాయి. అలెగ్జాండ్రినికి అంచు గుండ్రంగా, తల మీద, గడ్డం దగ్గర బుడిపెలు ఉంటాయి. టెక్టాకు బుడిపెలు ఉండవు, అంచు మధ్యలో చిన్న నొక్కు ఉంటుంది. మాస్టూరస్ అనే మరో చుట్టానికి అంచు మధ్యలో కొస పొడుచుకొచ్చి ఉంటుంది.

3. కొలత తెలిసేలా పక్కన చెప్పో, నీళ్ళ సీసానో పెట్టి ఒక ఫొటో తీయండి. పిల్లల్ని దాని మీద కూర్చోబెట్టి తీయకండి. బతికున్న చేపయితే దానికి హింస, చచ్చిన చేపయితే మీకు జబ్బు.

4. బతికున్నట్టు అనిపిస్తే రెక్కలు పట్టుకుని లాగకండి. మీరు నెట్టినా వందల కిలోల చేప కదలదు, రెక్క విరుగుతుంది. ఆ ఊరి హార్బర్‌మాస్టర్‌కో, దగ్గర్లోని అక్వేరియానికో, కేప్ కాడ్ వైపయితే నేను పైన చెప్పిన స్వచ్ఛంద సంస్థకో చెప్పండి. 911 దీని కోసం కాదు.

5. నీటిలో తిరుగుతూ ఉంటే చూసి ఆనందించండి, అంతే. ఒరిగి పడుకున్నది ఎండ కాచుకుంటోందని గుర్తుపెట్టుకోండి. పడవలో ఉంటే వేగం తగ్గించండి. పైన పడుకున్న చేపలకు పడవ దెబ్బలు తగలడం మామూలే.

6. తర్వాత నమోదు చేయండి. ఐనాచురలిస్ట్ ఏ దేశంలోనైనా పనిచేస్తుంది. బ్రిటన్‌లో ఐరికార్డ్, ఐర్లండ్‌లో నేషనల్ బయోడైవర్సిటీ డేటా సెంటర్, ఆస్ట్రేలియాలో అట్లాస్ ఆఫ్ లివింగ్ ఆస్ట్రేలియా కూడా ఉన్నాయి. పేరు తెలియకపోయినా ఫరవాలేదు, చూసి చెప్పేవాళ్ళు ఉంటారు.

హైస్కూల్ పిల్లలున్న ఇళ్ళలో దీన్ని వాళ్ళకే అప్పగించండి. వాలంటీర్ గంటల కోసమూ, సైన్స్ ప్రాజెక్టుల కోసమూ వెతుక్కునే వయసు వాళ్ళది. తాము పెట్టిన ఫొటోకి ఎక్కడో ఉన్న నిపుణుడు జవాబిస్తే ఆ పిల్లలు మళ్ళీ మళ్ళీ వెళ్ళి చూస్తారు.

సముద్రం లేని ఊరి నుంచి చేయగలిగింది

ప్రపంచ ప్రకృతి పరిరక్షణ సంఘం ఐయూసీఎన్ మోలా మోలాను 'ముప్పు పొంచి ఉన్న' జాతుల్లో చేర్చింది. పెద్ద ప్రమాదం వేరే చేపల కోసం వేసిన వలలూ, గాలాలూ. అది మన చేతిలో లేదు. ఇంకో ప్రమాదం ప్లాస్టిక్. నీటిలో తేలే పాలిథిన్ సంచి, గాలి దిగిన బెలూన్ జెల్లీఫిష్‌లా కనబడతాయి. ఇది కొంతవరకు మన చేతిలో ఉంది.

ట్రాయ్‌లో పడిన వాన నీరు క్లింటన్, రూజ్ నదుల్లోకి పోతుంది. అక్కడి నుంచి లేక్ సెయింట్ క్లెయిర్, డెట్రాయిట్ నది, లేక్ ఎరీ, నయాగరా, లేక్ ఒంటారియో, సెయింట్ లారెన్స్ నది, చివరికి అట్లాంటిక్. పుట్టినరోజు పార్టీలో పిల్లలు వదిలే హీలియం బెలూన్‌కు అంత చుట్టు తిరుగుడు కూడా అక్కర్లేదు, గాలే తీసుకుపోతుంది. బెలూన్లు కట్టుకోండి, వదలకండి. మన పార్టీలకు అదేమీ లోటు కాదు.

తీరం మీద మామూలు జనం ఏం చేయగలరో మన దగ్గరా చూశాం. 2022 డిసెంబరులో విశాఖ దగ్గర తంతడి బీచ్‌లో ఒక పెద్ద వేల్ షార్క్ ఒడ్డుకు చిక్కుకుంది. సముద్రపు చేపలన్నిటిలో పెద్దది అదే, భారతదేశంలో 2001 నుంచి చట్టరీత్యా రక్షిత జంతువు. అటవీ శాఖ వాళ్ళు, మత్స్యకారులు కలిసి దాన్ని మళ్ళీ సముద్రంలోకి పంపారు. కబురు సకాలంలో అందబట్టే అది సాధ్యమైంది.

ఈ వేసవిలో తీరానికి వెళ్ళే మన కుటుంబాలు ఈ వ్యాసాన్ని ఫోన్‌లో దాచుకోండి. సన్‌ఫిష్ కనబడితే ముందు తేదీ, చోటు, ఫొటో. ఆ తర్వాతే వాట్సాప్.